కట్టడపు పనిలో అనుభవం, సామగ్రి వృథా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత తెలుగులోనూ ఉంది, తమిళంలోనూ ఉంది. రెండు భాషలవారూ కలిసి నివసించే హోసూరులో ఈ మాట అర్థం వివరించవలసిన అవసరం లేదు. సిప్కాట్ పారిశ్రామికవాడలు వెలసిన నాటినుండి ఊరి అంచులు పొలాలలోకీ తోపులలోకీ సాగుతూ వచ్చాయి. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. బాగలూరు రోడ్డు, తళి రోడ్డు, రాయకోట రోడ్డు పొడవునా నేటికీ కొత్త గోడలు లేస్తున్నాయి. జిల్లా కేంద్రమైన కృష్ణగిరిలోనూ ఇదే దృశ్యం కనిపిస్తుంది.

ఈ ఇళ్లు కట్టించుకునేవారిలో తెలుగువారు అనేకులు. కట్టేవారిలోనూ తెలుగువారు అనేకులే. ఇక్కడే తరతరాలుగా స్థిరపడిన తెలుగు మేస్త్రీలు, కుప్పం, మదనపల్లె, అనంతపురం ప్రాంతాలనుండి వచ్చిన బేల్దారులు, ధర్మపురి పల్లెల కొత్తనార్లు, బీహారు, ఒడిశాలనుండి వచ్చిన యువకులు ఒకే కట్టడం మీద పనిచేయడం ఇక్కడ సాధారణం.

ఒకే నక్షాతో, ఒకే వైశాల్యంలో, ఒకే దుకాణం సామగ్రితో కట్టిన రెండు ఇళ్లలో ఒకదానికి ఎక్కువ సిమెంటు, ఎక్కువ ఇనుము ఎందుకు పడతాయి? ఈ పాఠం పరిశీలించే ప్రశ్న ఇదే. పనివారి అనుభవంలో తేడా అని చాలామంది చెప్పే సమాధానం. అది నిజమే, కాని అందులో కొంత భాగమే నిజం. అనుభవం ఎక్కడ సామగ్రిని కాపాడుతుందో, ఎక్కడ కాపాడలేదో, ఎవరు అడ్డుపడితే అది వ్యర్థమవుతుందో తెలుసుకున్న కుటుంబం అప్పు తెచ్చిన డబ్బును కొంతైనా మిగుల్చుకోగలుగుతుంది. పని చేసినవారు తమది కాని తప్పుకు మాట పడకుండా ఉంటారు.

కనిపించే వృథా, కనిపించని వృథా

కట్టడం పక్కన పోగైన ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు గడ్డలు, ఇనుప తుండ్లు, పగిలిన టైల్సు అందరి కంటా పడతాయి. ఇది కనిపించే వృథా. మరొక విధమైన వృథా కుప్పగా పోగవదు. అది గోడలోనే కలిసిపోతుంది. అవసరానికి మించి మందంగా పూసిన పూత, వెడల్పుగా వదిలిన ఇటుక సందులు, లెక్కకు మించి కలిపిన సిమెంటు, లోతు ఎక్కువై కాంక్రీటుతో నింపిన పునాది గుంట ఈ కోవకు చెందుతాయి. సామగ్రి కట్టడంలోనే ఉన్నది కనుక అది వృథా అయినట్టు ఎవరికీ తోచదు.

ఈ భేదాన్ని శాస్త్రీయంగా గుర్తించినవారిలో బ్రిటన్ కట్టడ పరిశోధన సంస్థకు చెందిన స్కోయిల్స్ ముఖ్యుడు. 1970ల దశకంలో ఆయన అనేక నిర్మాణ స్థలాలను పరిశీలించి, ప్రత్యక్ష వృథా, పరోక్ష వృథా అని విభజించాడు. నెదర్లాండ్స్‌లో బోసింక్, బ్రౌవర్స్ జరిపి 1996లో ప్రకటించిన పరిశీలనలో, కొన్న సామగ్రిలో ఆయా వస్తువును బట్టి బరువులో 1 నుండి 10 శాతం వరకు చెత్తగా బయటికి పోతున్నట్టు తేలింది. యంత్రాలు, శిక్షణ పొందిన పనివారు ఉన్న దేశంలోని లెక్క ఇది. అదీ బయటికి పోయిన చెత్తకు మాత్రమే చెందిన లెక్క. గోడలో దాగినది వేరు.

పూతలో దాగిన పదిహేను మూటలు

కనిపించని వృథా ఎంత ఉంటుందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఇటుక గోడ సమంగా ఉన్న పక్కన లోపలి పూతకు 12 మిల్లీమీటర్ల మందం చాలు. గోడ తూకం తప్పి వంగితే, ఆ వంపును కప్పడానికి పూత 20 మిల్లీమీటర్లకు చేరుతుంది. 100 చదరపు మీటర్ల గోడకు 8 మిల్లీమీటర్ల అదనపు మందమంటే 0.8 ఘనపు మీటరు తడి మాలు. పొడి సామగ్రిగా అది సుమారు 1.04 ఘనపు మీటర్లు. ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్ల ఇసుక కలిపితే అందులో ఆరో వంతు, అంటే 0.17 ఘనపు మీటరు, సిమెంటు. 50 కిలోల మూటలో సుమారు 35 లీటర్ల సిమెంటు ఉంటుంది. కాబట్టి అదనంగా పోయినవి 5 మూటలు.

చిన్న ఇంటికి మొత్తం పూత 300 చదరపు మీటర్లు ఉందనుకుంటే, మందం అంతటా ఇలాగే పెరిగితే 15 మూటల సిమెంటు, సుమారు 90 ఘనపుటడుగుల ఇసుక అదనంగా ఖర్చవుతాయి. ఇసుకను యూనిట్ల లెక్కన కొనేవారికి ఇది దాదాపు ఒక యూనిట్. ఇంతా పోయాక ఇంటి ముందు చెత్తకుప్ప ఒక్క గంపెడు కూడా పెరగదు.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. తప్పు జరిగింది గోడ కట్టిన రోజున. ఖర్చు కనబడింది పూత పూసిన రోజున. ఈ రెండు పనులు చేసినవారు వేరు కావచ్చు. పూత మేస్త్రీ సిమెంటు ఎక్కువ వాడాడని ఇంటి యజమాని కోపగించుకుంటే, అతడు మరొకరి వంపును సరిచేసిన పాపానికి మాట పడతాడు. అనుభవం గల తాపీ మేస్త్రీ ప్రతి కొన్ని వరుసలకూ తూకం గుండు వదిలి చూస్తాడు, రసమట్టం పెట్టి చూస్తాడు, మూలలో మూలమట్టం ఆనించి చూస్తాడు. దీనికి పట్టేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల విలువ పదిహేను మూటలు.

ఇనుము కోసే ముందు వేసే లెక్క

ఇనుప చువ్వలు సాధారణంగా 12 మీటర్ల పొడవున వస్తాయి. ఒక కట్టడానికి 3.7 మీటర్ల ముక్కలు 20, 4.6 మీటర్ల ముక్కలు 10 కావాలనుకుందాం. కొత్తగా పనిలో చేరినవాడు జాబితాలో ఉన్న వరుసలోనే కోస్తాడు. ఒక్కొక్క చువ్వ నుండి 3.7 మీటర్ల ముక్కలు మూడు వస్తాయి కనుక ఇరవై ముక్కలకు 7 చువ్వలు కావాలి. 4.6 మీటర్ల ముక్కలు చువ్వకు రెండే వస్తాయి కనుక పది ముక్కలకు 5 చువ్వలు కావాలి. మొత్తం 12 చువ్వలు.

అనుభవజ్ఞుడైన కమ్మీ మేస్త్రీ కోసే ముందే రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. రెండు 3.7 మీటర్ల ముక్కలు, ఒక 4.6 మీటర్ల ముక్క కలిస్తే సరిగ్గా 12 మీటర్లు. ప్రతి చువ్వనూ ఇలా కోస్తే 10 చువ్వలతో పని పూర్తవుతుంది. తుండు మిగలదు. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు సుమారు 0.89 కిలో తూగుతుంది. రెండు చువ్వలు మిగిలితే 21 కిలోల ఇనుము మిగిలినట్టే. ప్రతి ఇంటిలోనూ కొలతలు ఇంత చక్కగా అమరవు. అయినా కోసే ముందు జాబితాను ఒకచోట రాసి, పొడవైన ముక్కలతో మొదలుపెట్టి, మిగిలే తుండుకు చోటు వెదకడం ఎక్కడైనా పనికివచ్చే పద్ధతి. పొట్టి తుండ్లను సైతం స్లాబులో పై వరుస చువ్వలను నిలబెట్టే కుర్చీలకు వాడుకోవచ్చు.

టైల్సు పనిలోనూ ఇదే సూత్రం. 3.3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు గల గదిలో 60 సెంటీమీటర్ల టైల్సు పరిస్తే వరుసకు ఐదు నిండు టైల్సు, ఒక సగం ముక్క పడతాయి. అలాంటి వరుసలు ఐదు. కోసిన రెండో సగాన్ని పక్కన పారవేసేవారికి 30 టైల్సు కావాలి. దానిని తరువాతి వరుసకు వాడేవారికి 28 చాలు. అనుభవజ్ఞుడు మాలు వేయకముందే టైల్సును నేలమీద పొడిగా పరచి, ముక్క ఏ మూలకు వస్తుందో చూసుకుంటాడు.

గడియారం తెలిసిన పనివారు

సిమెంటులో నీరు పోసిన క్షణంనుండి దాని గడువు మొదలవుతుంది. సిమెంటు మాలును నీరు కలిపిన రెండు గంటలలోపు వాడాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మధ్యాహ్న భోజనానికి అరగంట ముందు మూటన్నర సిమెంటు కలిపితే, తిరిగి వచ్చేసరికి అది బిగుసుకోవడం మొదలవుతుంది. మళ్లీ నీరు పోసి కలిపితే మెత్తబడినట్టు కనిపిస్తుంది, బలం మాత్రం తిరిగి రాదు. అనుభవం గలవారు టీ వేళనూ, భోజనవేళనూ, సాయంత్రం పని ముగిసే వేళనూ మనసులో పెట్టుకొని మాలు కలిపిస్తారు.

సిమెంటు నిల్వలోనూ ఇటువంటి తెలివి అవసరం. ఆశ్వయుజ, కార్తీక మాసాల వానలలో నేలమీద పరచిన మూటల అడుగు వరుస గడ్డకడుతుంది. చెక్కలమీద, గోడకు ఎడంగా, పది మూటల ఎత్తుకు మించకుండా పేర్చాలి. ముందు వచ్చిన మూటను ముందు వాడాలి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షించకుండా స్లాబుకు వాడకూడదు. ఇవి ఎవరికీ తెలియని రహస్యాలు కావు. కాని ఒకసారి ఇరవై మూటలు రాళ్లుగా మారడం చూసిన మేస్త్రీకి వీటిని ఎవరూ గుర్తుచేయవలసిన పని ఉండదు.

అనుభవం అనే మాటకు ఇక్కడ ఒక నిర్వచనం దొరుకుతుంది. తన పని ఫలితాన్ని తానే చూసి, మరుసటిసారి చేతిని సరిదిద్దుకోగలిగినప్పుడే గడచిన కాలం అనుభవంగా మారుతుంది. గోడ కట్టి, పూత మొదలయ్యేలోగా మరో ఊరికి వెళ్లిపోయే పనివాడికి తన గోడ వంగినట్టు ఎన్నటికీ తెలియదు. అలా ఇరవై ఏళ్లు గడిచినా ఆ వంపు అలాగే ఉంటుంది.

రాతి వరస, మాటల నిధి

కృష్ణగిరి ప్రాంతపు గ్రానైటు దేశవిదేశాలకు వెళుతుంది. యంత్రపు రంపాలు రాకముందు ఈ కొండలలో రాయిని చీల్చినవారు ఉలి, సమ్మెటలతో పనిచేసేవారు. దక్షిణాదిన ఈ పనిలో పేరుపొందిన వడ్డెరలు తమిళనాడులోనూ కర్ణాటకలోనూ నేటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడే సమాజం. రాతి వరస ఎటు పోతుందో కనిపెట్టి, ఆ వరుసలోనే గూటాలు దిగగొడితే బండ సాపుగా చీలుతుంది. వరస తప్పితే పగిలి ముక్కలవుతుంది. వృథాను తగ్గించే విద్య తెలుగువారికి కొత్తది కాదనడానికి ఇదొక నిదర్శనం.

ఇటువంటి విద్య పుస్తకాలలో కంటే మాటలలో నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశాలు ఈ సత్యాన్ని గుర్తించి చేసిన కృషి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాల సంపుటం వెలువడింది. ఆ మాలికలోనే ఇల్లు కట్టే పనికి చెందిన వాస్తు పదాలను బూదరాజు రాధాకృష్ణ సంపుటంగా సంతరించారు. మూలమట్టం, రసమట్టం, పరంజా, తాపీ వంటి మాట ఒక్కొక్కటి ఒక జాగ్రత్తను మోస్తుంది. మాట మరచిపోయిన చోట ఆ జాగ్రత్తా జారిపోతుంది.

పాత అనుభవం, కొత్త సామగ్రి

అనుభవం ఎల్లప్పుడూ మేలే చేస్తుందని అనుకోవడం పొరపాటు. ఎర్ర ఇటుకను కట్టే ముందు నీటిలో నానబెట్టాలి. లేకపోతే అది మాలులోని నీటిని పీల్చేసి అతుకును బలహీనపరుస్తుంది. ఇది ఎర్ర ఇటుకతో ఎదిగిన ప్రతి మేస్త్రీకి చేతికి అబ్బిన అలవాటు. సిమెంటు హాలో బ్లాకులకు ఈ అలవాటు వర్తించదు. వాటిని నానబెట్టి కడితే ఆరిన తరువాత కుంచించుకొని గోడ నెర్రెలిస్తుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు పైపైన చిలకరిస్తే చాలు. ముప్ఫై ఏళ్ల అనుభవమే ఇక్కడ తప్పుకు కారణమవుతుంది.

నది ఇసుక స్థానంలో ఎం-సాండు వచ్చాక కూడా ఇటువంటి చిక్కే ఎదురైంది. నది ఇసుక రేణువులు గుండ్రంగా ఉండి తాపీ కింద సులువుగా జారుతాయి. రాతిని పిండిచేసి తీసిన ఎం-సాండు రేణువులకు కోణాలు ఎక్కువ. పాత అలవాటులో ఉన్న చేతికి మాలు గట్టిగా తోచి, మరికొంత నీరు పోయాలనిపిస్తుంది. నీరు పెరిగితే బలం తగ్గుతుంది, ఆరాక పగుళ్లు వస్తాయి. పూతకు సన్నని పి-సాండు వేరుగా దొరుకుతుంది. గోడకు తెచ్చిన ఎం-సాండునే పూతకు వాడితే జల్లెడపట్టి పారవేసేదే ఎక్కువవుతుంది.

దీనికి ఎదురైన ఉదాహరణ కేరళలో ఉంది. లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్ కట్టుబడిలో ఇటుకలను అంచుమీద నిలిపి, గోడ మధ్య బోలు వదులుతారు. మామూలు గోడతో పోలిస్తే సుమారు 25 శాతం ఇటుకలు మిగులుతాయి. అయితే ఈ పద్ధతి తెలిసిన మేస్త్రీ, కొలత తప్పని ఇటుకలు రెండూ ఉండాలి. ఎంతో అనుభవం ఉన్న మేస్త్రీలు సైతం దీనిని మొదటినుండి నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకునే గుణం నిలిచి ఉన్నంతకాలమే అనుభవం ఆస్తిగా ఉంటుంది.

కూలి లెక్క ఎటు తిప్పితే చేయి అటు

మేస్త్రీకి అన్నీ తెలిసి కూడా సామగ్రి వృథా అయ్యే సందర్భాలున్నాయి. హోసూరు ప్రాంతంలో చాలా ఇళ్లకు సామగ్రి యజమాని తెస్తాడు. పని మాత్రం చదరపు అడుగు లెక్కన మేస్త్రీ ఒప్పుకుంటాడు. ఈ ఏర్పాటులో సిమెంటు యజమానిది, కాలం మేస్త్రీది. తూకం గుండు వదలడానికి పట్టే నిమిషాలు మేస్త్రీ చేతి నష్టం. వంపును కప్పే పదిహేను మూటలు యజమాని నష్టం. ఇటువంటప్పుడు అనుభవం వేగంవైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. దోషం మనిషి గుణంలో కంటే ఒప్పందంలోనే ఎక్కువ.

పని నేర్చుకునే దారి కూడా మారింది. పూర్వం పాలమూరు కూలీలు మేస్త్రీ వెంట గుంపులుగా దేశమంతటా ఆనకట్టల పనులకు వెళ్లేవారు. ఆ పద్ధతిలో బయానా అప్పు కూలీని కట్టిపడేసేది. ఆ అన్యాయాన్ని దాచవలసిన పనిలేదు. వలస కూలీల రక్షణకు 1979లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. అయినా ఒకే గుంపులో బంధువులు ఏళ్ల తరబడి కలిసి పనిచేయడంవల్ల పెద్దల చేతి పని పిల్లలకు అందేది. నేడు గుంపు ప్రతి పనికీ మారుతున్నది. నిన్న ఎవరు ఏ తప్పు చేశారో నేడు పక్కనున్నవాడికి తెలియదు.

ఒక కట్టడం, నాలుగు భాషలు

నక్షా ఇంగ్లీషులో ఉంటుంది. ఇంజనీరు తమిళంలో చెబుతాడు. మేస్త్రీ తెలుగులో అర్థం చేసుకుంటాడు. మాలు కలిపేవాడు హిందీ మాట్లాడతాడు. కంకరను జల్లి అన్నా, ఇసుకను మణల్ అన్నా, చువ్వను కంబి అన్నా కొద్ది రోజులలో అందరికీ అలవాటవుతుంది. చిక్కు వచ్చేది అంకెలలో. అంగుళమా సెంటీమీటరా, గోడ లోపలి కొలతా బయటి కొలతా అన్నది ఒక్కసారి తప్పుగా వినబడితే కట్టిన గోడను పగలగొట్టవలసి వస్తుంది. కూల్చి మళ్లీ కట్టడమే అన్నిటికంటె పెద్ద వృథా. కొలతలను నోటితో చెప్పి ఊరుకోకుండా, బొగ్గుతోనో సుద్దతోనో గోడమీద అంకెలలో రాయడం ఈ చిక్కుకు సులువైన విరుగుడు. అంకెలు అందరికీ ఒకే భాష.

పాళ్లు కొలిచే తట్టల విషయంలోనూ ఇంతే. నిండు తట్ట ఒకరికి గుట్టగా, మరొకరికి అంచువరకు అని అర్థమవుతుంది. పైగా తడి ఇసుక ఉబ్బుతుంది కనుక అదే తట్టలో అసలు ఇసుక తక్కువ పడుతుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 లోతు గల చెక్క పెట్టెలో సరిగ్గా 35 లీటర్లు, అంటే ఒక మూట సిమెంటు పరిమాణం, పడుతుంది. ఈ పెట్టె ఒక్కటి ఉంటే కొత్తవాడి కొలతా పాతవాడి కొలతా ఒక్కటే అవుతాయి.

కట్టడం మీద వృథాను అందరికంటె ముందు చూసేది ఎవరన్న ప్రశ్నకు సమాధానం చిత్తాళ్లుగా పనిచేసే స్త్రీలు. మాలు మోసేది వారే, సాయంత్రం గట్టిపడిన మాలును గీకి పారవేసేది వారే, ఇసుక జల్లించేది వారే. ఏ మేస్త్రీకి ఎంత మాలు కావాలో, ఎంత మిగులుతుందో వారికి తెలుసు. పదిహేనేళ్లు ఆ పనిలో ఉన్న స్త్రీ చేతికి తాపీ అందడం మాత్రం అరుదు. ఆమెను అడిగేవారూ అరుదే. ఇంత అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం కూడా ఒక వృథాయే.

ఇల్లు కట్టించుకునేవారు చేయదగినవి

1. ఒప్పందంలో చదరపు అడుగు ధరతోపాటు పూత మందం, ఇటుక సందు మందం, పాళ్లు రాసుకోవాలి. ఇటుక సందు 10 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

2. మొదట ఒక గదిని పూర్తిచేయించి, దానికి పట్టిన సిమెంటు మూటలు లెక్కపెట్టాలి. మిగిలిన గదులకు అదే కొలబద్ద.

3. గోడ కట్టిన మేస్త్రీని పూత మొదలైన రోజున పిలిచి చూపించాలి. నింద మోపడానికి కాక, తన పని ఫలితం తాను చూసుకోవడానికి ఇది ఉపయోగపడాలి.

4. మిగిల్చిన సామగ్రి విలువలో కొంత భాగం పనివారికి ఇస్తామని ముందే చెప్పాలి. అప్పుడు కాలమూ సిమెంటూ ఒకే పక్షాన నిలుస్తాయి.

5. కరెంటు పైపులు, నీటి పైపులు ఎక్కడ వస్తాయో పూతకు ముందే నిర్ణయించాలి. పూసిన గోడను చెక్కడం రెండుసార్లు ఖర్చు.

6. కొత్త రకం బ్లాకులు, జిగురు, ఇసుక తెచ్చినప్పుడు వాటి వాడకాన్ని మేస్త్రీతో కలిసి తెలుసుకోవాలి.

7. ఆదా పేరుతో బలం తగ్గించకూడదు. కాంక్రీటుకు మామూలు సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటు వాడినప్పుడూ వేడి పొడి వాతావరణంలోనూ కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి. నీళ్లు పట్టని స్లాబు అతి పెద్ద వృథా.

పనివారు చేయదగినవి

అనుభవానికి కాగితం లేకపోవడం వలస పనివారి పెద్ద లోటు. కొత్త ఊరిలో ఇరవై ఏళ్ల మేస్త్రీ కూడా మొదటి రోజు కూలీగానే నిలబడవలసి వస్తుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పూర్వం నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. హైదరాబాదులో 1998లో నెలకొల్పిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ పని మొదలు అనేక వృత్తులలో శిక్షణ ఇస్తున్నది. తమిళనాడులో 1994 నుండి నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఉంది. సొంత రాష్ట్రం వేరైనా, ఇక్కడ పనిచేస్తున్నవారు నమోదు విషయం కార్మిక శాఖ కార్యాలయంలో విచారించడం మంచిది. వీటితోపాటు ఒక చిన్న నోటు పుస్తకంలో ఏ ఇంటికి ఎంత వైశాల్యానికి ఎన్ని మూటలు పట్టాయో రాసుకునే మేస్త్రీ, తరువాతి యజమాని ముందు తన మాటకు తానే సాక్ష్యం చూపగలుగుతాడు.

మిగిలిన శిథిలాల సంగతి

ఎంత జాగ్రత్తపడినా కొంత మిగులుతుంది. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలకు కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రత్యేక నియమాలు చేసింది. వ్యర్థాన్ని ఉత్పత్తి చేసినవారే దానిని వేరుచేసి, నిర్ణీత స్థలానికి చేర్చే బాధ్యత వహించాలన్నది వాటి సారం. రోజుకు 20 టన్నులు లేదా ఒక పనిలో నెలకు 300 టన్నులు దాటేవారు కాంక్రీటు, మట్టి, ఇనుము చెక్క ప్లాస్టిక్, ఇటుక మాలు అని నాలుగు విధాలుగా వేరుచేయాలని ఆ 2016 నియమాలు చెప్పాయి. 2025లో ప్రకటించిన కొత్త నియమాలకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించారు.

చిన్న ఇంటివారికి ఈ పెద్ద అంకెలు వర్తించకపోవచ్చు, బాధ్యత మాత్రం వర్తిస్తుంది. రాత్రివేళ చెరువు గట్టున ట్రాక్టరు దించివేసిన ఇటుక ముక్కలు వాన నీటి దారిని మూసివేస్తాయి. కెలవరపల్లి జలాశయంనుండి దక్షిణ పినాకిని వెంట కృష్ణగిరి ఆనకట్ట వరకు నీరు ఒకదానినుండి మరొకదానికి సాగుతుంది. ఒక వీధిలో మూసుకున్న కాలువ మరొక వీధిలో వరదగా తేలుతుంది. శుభ్రమైన ఇటుక ముక్కలను మెట్ల కింద, నేల కింద నింపడానికి వాడుకోవచ్చు. మిగిలినదానికి నగరపాలక సంస్థ పారిశుద్ధ్య విభాగాన్ని అడిగి, చెప్పిన చోటనే వేయాలి.

ముగింపు

అనుభవం గల పనివారు సామగ్రిని ఆదా చేయగలరు. అందుకు తమ పని ఫలితం చూసే అవకాశం, కొత్త సామగ్రి నేర్చుకునే సమయం, తొందరకు తావివ్వని ఒప్పందం, అర్థమయ్యే కొలత వారికి కావాలి. ఈ నాలుగూ సమకూర్చడం యజమాని చేతిలో ఉంది. పనివారి రోజు కూలిలో బేరమాడి వంద రూపాయలు తగ్గించినవారు, గోడలో పదిహేను మూటలు పోగొట్టుకున్న సంగతి తెలుసుకోకపోవచ్చు. అనుభవానికి తగిన కూలి ఇచ్చి, దానిని పనిచేయనిచ్చిన ఇంట్లో గోడలు నిటారుగా ఉంటాయి, అప్పు కొంత తక్కువగా ఉంటుంది.

చర్చకు ప్రశ్నలు

1. పూత మేస్త్రీ ఎక్కువ సిమెంటు వాడినప్పుడు, ఆ ఖర్చుకు కారణమైన పని ఏదో ఎలా తెలుసుకుంటారు?

2. 200 చదరపు మీటర్ల గోడకు పూత 12 మిల్లీమీటర్లకు బదులు 16 మిల్లీమీటర్లు అయితే, పై పద్ధతిలో లెక్క కడితే ఎన్ని మూటలు అదనం?

3. మీ వీధిలో కట్టే ఇంటిలో కొలతలు ఏ భాషలో చెబుతున్నారు, ఎక్కడ రాస్తున్నారు?

4. చిత్తాళ్లుగా పనిచేసే స్త్రీలకు తాపీ పని నేర్పడానికి మీ పరిసరాలలో ఏ అడ్డంకులున్నాయి?

5. మీ ఊరినుండి వచ్చిన పెద్దలకు తెలిసిన కట్టడపు పని మాటలు పది సేకరించి, ఒక్కొక్కటి ఏ జాగ్రత్తను సూచిస్తుందో రాయండి.